2020 సంగతులు తోటి విద్యార్థుల్ని ఎలా అడగాలంటే

"కోవిడ్ టైమ్ ఎలా గడిచింది?" అని అడగకండి. "ఏముంది, అందరిలాగే" అంటారు, అంతే. అరిజోనాలో ఎమ్మెస్ చదివేటప్పుడు క్లాస్ ప్రాజెక్టు కోసం పన్నెండు మందిని అడిగాను. మొదటి ముగ్గురూ అదే మాట.

ఒక తేదీనో, చోటునో పట్టుకుని అడగండి. మనవాళ్లకైతే 2020 జులై 6: క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే విదేశీ విద్యార్థులు అమెరికాలో ఉండకూడదని అక్కడి ప్రభుత్వం చెప్పిన రోజు. జులై 14న వెనక్కి తగ్గింది గానీ, ఆ ఎనిమిది రోజుల టెన్షన్ గురించి మా గుంటూరు రూమ్మేట్ గంటసేపు చెప్పాడు. వాళ్లమ్మకి మాత్రం ఇప్పటికీ చెప్పలేదట.

చైనా అమ్మాయిని బస్సు గురించి అడిగాను. మార్చి మొదట్లో తను మాస్కుతో ఎక్కితే పక్కవాళ్లు సీటు మారేవారట. నల్లజాతి మిత్రుడికి మాస్కుతో ఇంకో బాధ: షాపులో గార్డు వెంటే తిరిగేవాడు. నవాహో అనే అక్కడి ఆదివాసీ తెగకు చెందిన ఒక విద్యార్థిని ఇంట్లో ఇంటర్నెట్ లేక, వైఫై అందే పార్కింగులో కారులో కూర్చుని పరీక్ష రాసింది. అది విన్నాక నా స్లో నెట్ గోడు రాయడం మానేశాను.

"మీ వాళ్లందరికీ ఇంతేనా?" అని మాత్రం అడక్కండి. నేనడిగి, "అందరి తరఫునా నేను చెప్పాలా?" అనిపించుకున్నాను.

రికార్డింగుకు ముందే అనుమతి తీసుకోండి. పేరు మారిస్తే సరిపోదు. డిపార్టుమెంటులో నవాహో ఒక్కరే ఉంటే ఊరు, సబ్జెక్టు కూడా తీసేయాలి. చనిపోయినవాళ్ల మాట వస్తే రికార్డింగు ఆపేసి టీ పెట్టండి.