‘సమగ్ర వైద్యం’ ప్రతిపాదన టేబుల్ మీదికొస్తే

నేను బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఫార్మసిస్టుని. ‘సమగ్ర వైద్యం’ పేరుతో ప్రత్యామ్నాయ వైద్యాన్ని మా సేవల్లో చేర్చమని సంస్థలు కాగితాలు పంపుతుంటాయి. అట్ట మీద నవ్వుమొహాల ఫొటోలు వదిలేసి, ముందు చివరి పేజీ తిప్పండి. డబ్బెవరిదో అక్కడే దొరుకుతుంది. అమ్మకందారు పేరు కనిపిస్తే నేను పెన్సిల్‌తో సున్నా చుడతాను.

తర్వాత చరిత్ర. ఈ సంస్థల పేర్లు మారుతుంటాయి. చార్లెస్ యువరాజుగా ఉన్నప్పుడు 1993లో పెట్టిన ఇంటిగ్రేటెడ్ హెల్త్ ఫౌండేషన్ 2010లో మూతపడింది. దానితో సంబంధమున్న కొందరు ఆ ఏడాదే, సమగ్ర వైద్యాన్నే ప్రోత్సహించే కాలేజ్ ఆఫ్ మెడిసిన్ అనే సంస్థ మొదలుపెట్టారు.

అసలు పని ఇక్కడుంది: అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ఏ వైద్యం, ఏ జబ్బుకి అని విడదీయండి. నడుంనొప్పికి ఆక్యుపంక్చర్ వద్దని 2016లో చెప్పిన నైస్ (ఏ చికిత్స వాడాలో మార్గదర్శకాలిచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్లే, 2021లో కొన్ని దీర్ఘకాలిక నొప్పులకి పరిశీలించవచ్చంది. హోమియోపతి సంగతి వేరు. మందు మీద 30సి అని ఉంటే నూరో వంతుకి పలచన చేయడం, అలా ముప్పైసార్లు! అసలు పదార్థం మిగలదు. 2017లో ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ దాన్ని రోగులకి రాయొద్దని డాక్టర్లకి చెప్పింది.

‘రోగులు తృప్తిపడ్డారు’ అని రాస్తే, పోల్చడానికి ఆ వైద్యం తీసుకోని రెండో గుంపు ఉందా అని అడగండి. ఫలితం లేదని తేలితే ఎప్పుడు ఆపేస్తారని కూడా. ఒక సంస్థని ఇదే అడిగితే, ఇంకో బ్రోషర్ పంపారు.