సదరంలో 40 శాతం రాలేదా? తేడా ఎక్కడ వచ్చిందో చూడండి

పింఛను రాలేదని కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లను నేను ముందు జబ్బు పేరు అడగను, సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో మెడికల్ బోర్డు తేల్చి ఇచ్చే కాగితం, చూపించమంటాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 రూపాయల పింఛను రావాలంటే వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. జబ్బు ఎంత పెద్దదైనా బోర్డు కొలిచేది దానివల్ల శరీరం కోల్పోయిన శక్తిని మాత్రమే.

సమస్య: రెండు లోపాలున్నాయి, ఏ ఒక్కటీ 40కి చేరలేదు.

కారణం: చాలాసార్లు ఒక్క లోపాన్నే చూస్తారు. ఎముకల డాక్టరు కాలికి 30 శాతం రాస్తారు. చెవి సంగతి మనం చెప్పం, వారు అడగరు.

పరిష్కారం: రెండోదానికీ పరీక్ష చేయించి, రెండూ కలిపి లెక్కించమని అడగండి. కాలికి 30, చెవికి 20 అనుకుందాం. కూడితే 50 కాదు. 90లోంచి పెద్ద అంకె 30 తీసేస్తే 60. దాన్ని 20తో గుణించి 90తో భాగిస్తే 13.3. దీన్ని 30కి కలిపితే 43.3. గీత దాటినట్టే! ఈ లెక్క తెలియక వెనుదిరిగినవాళ్లను తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

సమస్య: ఒక కన్ను పూర్తిగా పోయినా 30 శాతమే వేశారు.

కారణం: డాక్టరు పొరపాటు కాదు. రెండో కన్ను బాగుంటే కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఇచ్చేది అంతే. ఒంటి కన్నుతో కూలి పని చేసేవారికి ఇది అన్యాయమనే నేనంటాను.

పరిష్కారం: అద్దాలు పెట్టుకున్నా రెండో కంటి చూపు తగ్గి ఉంటేనే మళ్లీ పరీక్షకు వెళ్లండి. లేదంటే బస్సు ఛార్జీలు దండగ.

సమస్య: పక్షవాతం వచ్చిన రెండు నెలలకు సదరం పరీక్షల క్యాంపుకు వెళ్తే తిప్పి పంపారు.

కారణం, పరిష్కారం: నరాల జబ్బులకు ఆరు నెలలు గడిచాకే శాతం వేస్తారు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో జబ్బు వచ్చిన తేదీ చూసుకుని స్లాట్ (పరీక్షకు ముందుగా బుక్ చేసుకునే తేదీ) తీసుకోండి.

సమస్య: వస్తున్న పింఛను ఆగింది.

సర్టిఫికెట్ తాత్కాలికమేమో, గడువు తేదీ చూడండి. అది దాటకముందే కొత్త స్లాట్ తీసుకోవాలి.

ఇవేవీ కాక శాతమే తప్పనిపిస్తే, చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. రాతపూర్వకంగా ఇవ్వండి, తాజా ఎక్స్‌రేలు, చెవి పరీక్ష కాగితాలు జతచేయండి, రసీదు తీసుకోకుండా మాత్రం రాకండి.