వలసల వల్ల ఒక దేశానికి కలిగే మేలును అంచనా వేయడం ఎలా?

వలస వచ్చినవారి వల్ల దేశానికి లాభమా, నష్టమా అని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పడం తేలిక. ఆ జవాబును ఆధారాలతో నిలబెట్టడమే కష్టం. వ్యాసానికో, తరగతి చర్చకో, బహిరంగ వేదిక మీద ప్రసంగానికో ఈ విషయాన్ని సిద్ధం చేసుకొనేవారు ఏ ప్రశ్నలు వేసుకోవాలో, దొరికిన ఆధారాన్ని ఎలా చదవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పడం మర్యాద. మొత్తం మీద వలస మేలే చేస్తుంది. కాకపోతే దాని ఖర్చు వెంటనే, కళ్ళెదుటే కనబడుతుంది, ఫలితం మాత్రం ఆలస్యంగా, చాలాసార్లు వేరే చోట అందుతుంది. అంచనాల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ ఎడాన్ని పట్టించుకోకపోవడం వల్లనే జరుగుతున్నాయి.

మొదట ఎవరి గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోండి. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2024లో పుట్టిన దేశంలో కాక వేరే దేశంలో నివసిస్తున్నవారు సుమారు 30.4 కోట్లమంది, అంటే ప్రపంచ జనాభాలో నాలుగు శాతం కంటే తక్కువ. వీరిలో ఉద్యోగం కోసం వెళ్ళినవారు, కుటుంబాన్ని కలుసుకోవడానికి వెళ్ళినవారు, విద్యార్థులు, ప్రాణభయంతో వెళ్ళిన శరణార్థులు ఉన్నారు. కెనడా 1967లో చదువు, భాష, అనుభవం వంటి వాటికి పాయింట్లు వేసి మనుషులను ఎంపిక చేసే పద్ధతి మొదలుపెట్టింది. అమెరికా 1965 నాటి చట్టంతో కుటుంబ సంబంధాలకు పెద్దపీట వేసింది. ఈ రెండు దారుల్లో వచ్చినవారి మొదటి ఏడాది సంపాదనలు ఒకేలా ఉండవు. శరణార్థుల సంగతి మరీ వేరు: 2015లో జర్మనీకి చేరినవారిలో తొలి రెండు మూడేళ్ళలో పని దొరికినవారు తక్కువే, ఏడేళ్ళు గడిచేసరికి మాత్రం సగానికి పైగా ఉద్యోగాల్లో కుదురుకున్నారు. కనుక ‘వలసదారులు’ అని అందరినీ ఒకే గాటన కట్టి చెప్పిన సగటు అంకె ఎదురైతే దాన్ని పక్కన పెట్టి, ఏ రకం వలస, ఎన్నేళ్ళ తర్వాతి లెక్క అని అడగండి.

ఇక జీతాల సంగతి. దేశంలో ఇన్నే ఉద్యోగాలుంటాయి, ఒకరు వస్తే మరొకరికి పోతాయి అనే భావన చాలా బలమైనది, పైకి సహేతుకంగానూ కనబడుతుంది. కానీ వచ్చినవారు పని చేయడంతోపాటు ఇల్లు అద్దెకు తీసుకుంటారు, సరుకులు కొంటారు, పిల్లలను బడికి పంపుతారు. ఆ ఖర్చు మళ్ళీ ఎవరికో పని కల్పిస్తుంది. ఈ వాదాన్ని పరీక్షించడానికి అర్థశాస్త్రవేత్తలకు 1980లో అరుదైన అవకాశం దొరికింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపల క్యూబాలోని మారియెల్ రేవు నుంచి సుమారు 1,25,000 మంది పడవల్లో ఫ్లోరిడాకు చేరారు. మయామీ నగరంలో పనిచేసేవారి సంఖ్య కొద్ది నెలల్లోనే దాదాపు 7 శాతం పెరిగింది. డేవిడ్ కార్డ్ 1990లో ప్రచురించిన పరిశోధనలో, నైపుణ్యం తక్కువగా ఉన్న స్థానికుల జీతాల మీద గాని, నిరుద్యోగం మీద గాని దాని ప్రభావం దాదాపు కనబడలేదని తేల్చాడు. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

అక్కడితో ఆగి చప్పట్లు కొట్టకండి. జార్జ్ బోర్హాస్ అనే మరో అర్థశాస్త్రవేత్త అవే ఏళ్ళను మళ్ళీ పరిశీలించి, హైస్కూలు పూర్తి చేయని పురుషులను మాత్రమే విడిగా తీసుకుంటే వారి జీతాలు గట్టిగా పడిపోయాయని వాదించాడు. ఆయన ఎంచుకున్న నమూనా మరీ చిన్నదని, ఆయన ఆధారపడ్డ సర్వేలో లెక్కకు వచ్చినవారి కూర్పే ఆ ఏళ్ళలో మారిపోయిందని ఇతరులు బదులిచ్చారు. నా దృష్టిలో ఈ వాదంలో బోర్హాస్‌కు బదులిచ్చినవారిదే పైచేయి. అయినా మీ రచనలో రెండు పక్షాలనూ చెప్పండి. చెప్పకపోతే తెలిసిన పాఠకుడు మొదటి పేజీలోనే మీ మీద నమ్మకం కోల్పోతాడు. బోర్హాస్ అడిగిన ప్రశ్న, అంటే సగటు బాగున్నా అట్టడుగున ఉన్నవారి సంగతేమిటి అన్నది, న్యాయమైనదే. ఈ ప్రశ్నకు పరిశోధనలు ఇచ్చే జవాబు కాస్త ఊహించనిది: కొత్తగా వచ్చినవారితో నేరుగా పోటీ పడేది ఎక్కువగా స్థానికులు కాదు, అంతకుముందే వలస వచ్చి అలాంటి పనులే చేస్తున్నవారు.

స్థానికులు ఎందుకు అంతగా నష్టపోరో డెన్మార్క్ అనుభవం చూపుతుంది. అక్కడ 1986 నుంచి 1998 వరకు శరణార్థులను ఉద్యోగావకాశాలతో సంబంధం లేకుండా వేర్వేరు మునిసిపాలిటీలకు పంపిణీ చేశారు. తర్వాతి ఏళ్ళ వివరాలను పరిశీలిస్తే, శరణార్థులు ఎక్కువగా చేరిన చోట పెద్దగా చదువుకోని స్థానికులు శరీరశ్రమ పనులను వదిలి, భాష, వ్యవహారజ్ఞానం అవసరమైన పనులకు మారారని, వారి జీతాలు తగ్గకపోగా పెరిగాయని తేలింది. వలసను ఆపితే జీతాలు పెరుగుతాయా అన్న ఎదురు ప్రశ్నకు అమెరికాలోనే జవాబుంది. మెక్సికో నుంచి పొలం పనివారిని రప్పించే బ్రసేరో పథకాన్ని 1942లో మొదలుపెట్టి, స్థానిక కూలీల వేతనాలు పెంచాలన్న ఉద్దేశంతో 1964లో ముగించారు. వేతనాలు ఆశించినట్టు పెరగలేదు. కాలిఫోర్నియాలో టమాటా పంట కోతకు యంత్రాలు దిగాయి, మరికొన్ని చేతికోత పంటల సాగు తగ్గింది. ఎవరైనా మీ ముందు వలస, జీతాల గురించి వాదిస్తే, యజమానులు ఆ తర్వాత ఏం చేశారో అడగడం మరవకండి.

మూడో మెట్టు ఖజానా లెక్క. నిజాయితీగా రాయదలచుకున్నవారికి అన్నిటికంటే ఇబ్బందిపెట్టేది ఇదే. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2016లో వెలువరించిన సుదీర్ఘ నివేదిక ప్రకారం, మొదటి తరం వలసదారుల వల్ల రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకు ఖర్చే ఎక్కువ. అందుకు ముఖ్య కారణం వారి పిల్లల చదువు. అదే పిల్లలు పెద్దవారయ్యాక, అంటే రెండో తరంగా లెక్కకు వచ్చాక, దేశంలో అందరికంటే ఎక్కువగా పన్నులు చెల్లించి ఖజానాను నింపేవారిలో ముందు వరుసలో ఉన్నారు. వలసను వ్యతిరేకించేవారు మొదటి వాక్యాన్ని, సమర్థించేవారు రెండో వాక్యాన్ని ఎత్తి చూపుతారు. ఇద్దరూ చెప్పేది అదే నివేదికలోని మాట. బడి ఫీజు కట్టిన నెలలో కుటుంబ లెక్క చూసి పిల్లవాడి చదువు నష్టమని తేల్చడం ఎలాంటిదో, తొలి దశాబ్దపు పద్దు మాత్రమే చూసి వలసను తూచడం అలాంటిది.

ఇక్కడ మరో చిక్కుముడి ఉంది, దాన్ని దాటవేయకండి. ఆదాయపు పన్ను ఎక్కువగా కేంద్ర ఖజానాకు చేరుతుంది. బడి, ఆసుపత్రి, మురుగు కాలువ వంటి వాటి ఖర్చు కొత్తవారు దిగిన పట్టణం మీద పడుతుంది. దేశం లాభపడిందని గణాంకాలు చెబుతున్నా, ఆ పట్టణంలో తరగతి గది కిక్కిరిసిపోయిందని తల్లిదండ్రులు అంటే వారిని ద్వేషులనడం అన్యాయం. రెండూ నిజమే కావచ్చు. మీరు పరిశీలిస్తున్న దేశంలో కేంద్రం నుంచి స్థానిక సంస్థలకు డబ్బు ఎలా అందుతుందో కనుక్కుంటే, అక్కడి వలస చర్చ ఎందుకు వేడెక్కిందో సగం అర్థమవుతుంది. జనాభా వృద్ధాప్యం వైపు నడుస్తున్న దేశాలకు యువ వలసదారులు ఊతమన్న మాట కూడా నిజమే, అయితే వలస వచ్చినవారికీ వయసు పైబడుతుంది కనుక అది సమస్యను తేలికపరచగలదే గాని తీర్చలేదు.

కొత్త ఆలోచనలు, పరిశ్రమల విషయంలో సాక్ష్యం అన్నిటికంటే గట్టిది. ఇక్కడ చరిత్రను వాడుకోండి. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1685లో ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛ ఇచ్చిన నాంత్ శాసనాన్ని రద్దు చేయడంతో లక్షన్నరకు పైగా మంది దేశం విడిచారు. వారిలో పట్టునేతగాళ్ళు కొందరు లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో స్థిరపడ్డారు. నేటి జర్మనీ ప్రాంతంలోని ప్రష్యా పాలకుడు అదే ఏడాది పోట్స్‌డామ్ ప్రకటనతో వారిని ఆహ్వానించాడు. వారు స్థిరపడిన ప్రష్యా పట్టణాల్లో వస్త్ర కర్మాగారాల ఉత్పాదకత వందేళ్ళ తర్వాత కూడా మిగతా చోట్లకంటే మెరుగ్గా ఉందని ఈ మధ్యకాలపు పరిశోధన చూపింది. అదే పరీక్షను తలకిందులుగా కూడా చేయవచ్చు: ఉన్నవారిని వెళ్ళగొడితే ఏమవుతుందో చూడండి. ఉగాండాలో ఇదీ అమీన్ 1972 ఆగస్టులో దక్షిణాసియా మూలాలున్నవారిని 90 రోజుల్లో వెళ్ళిపొమ్మన్నాడు. సుమారు 27,000 మందిని బ్రిటన్ చేర్చుకుంది. ఉగాండా వాణిజ్యం, పరిశ్రమలు కుప్పకూలాయి. తర్వాతి ప్రభుత్వాలు వారిని తిరిగి రమ్మని పిలిచి, స్వాధీనం చేసుకున్న ఆస్తులను వెనక్కి ఇవ్వవలసి వచ్చింది. చేరిక వల్ల కలిగే మేలును సందేహించేవారికి కూడా వెలితి వల్ల కలిగే నష్టం త్వరగా బోధపడుతుంది.

సంస్కృతి మీద రాసేటప్పుడు చాలామంది వంటకాల దగ్గరే ఆగిపోతారు. కొత్త రుచులు, పండుగలు, సంగీతం నిజమైన లాభాలే, కానీ వాదానికి అవి బలహీనమైన ఆధారాలు; పక్కవాడి వంట తింటూ పక్కవాడిని సహించని మనుషులు ఎక్కడైనా ఉంటారు. అంతకంటే పదునైన ప్రశ్నలు వేయండి. రెండో తరం స్థానిక భాషలో చదువుకొని రాస్తోందా? సమూహాల మధ్య పెళ్ళిళ్ళు జరుగుతున్నాయా? అందరికీ చెందిన సంస్థల్లో కొత్తవారు భాగమయ్యారా? ఎంపైర్ విండ్‌రష్ ఓడలో వచ్చిన కరీబియన్ ప్రయాణికులు 1948 జూన్ 22న ఇంగ్లండ్‌లోని టిల్బరీ రేవులో దిగిన రెండు వారాలకే, జులై 5న, బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. ఆ తర్వాతి ఏళ్ళలో కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నర్సులు ఆ సేవకు వెన్నెముకగా నిలిచారు. బ్రిటిష్ ప్రజలు తమదని గర్వపడే ఆ సంస్థను వలస వచ్చినవారు కూడా కట్టారన్నది ఏ ఉత్సవం కంటే గట్టి సాంస్కృతిక ఆధారం.

ప్రతికూలంగా కనబడే పరిశోధనను కూడా చదవండి. రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పట్నమ్ 2007లో అమెరికా గురించి రాస్తూ, వైవిధ్యం ఎక్కువగా ఉన్న చోట్ల ఇరుగుపొరుగు మధ్య నమ్మకం కొంతకాలం తగ్గుతుందని, మనుషులు ఎవరి గూటిలో వారు ముడుచుకుంటారని చెప్పాడు. దీర్ఘకాలంలో ‘మనం’ అనే గీత విస్తరించి ఆ దూరం తగ్గగలదని కూడా ఆయనే అన్నాడు. ఆయనను ఉటంకించేవారిలో చాలామంది సగమే చదివినట్టుంటారు.

కుటుంబాల సంగతిని చివర ఒక పేరాలో సరిపెట్టే అలవాటు ఉంది. నిజానికి పై లెక్కలన్నిటినీ నడిపేది అదే. జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకొని కార్మికులను రప్పించింది, కొన్నేళ్ళు పనిచేసి వెళ్ళిపోతారన్న ఆలోచనతో. 1973 నవంబరులో ఆ నియామకాలను ఆపేసింది. మళ్ళీ రానివ్వరన్న భయంతో చాలామంది వెళ్ళడం మానుకొని, భార్యాబిడ్డలను పిలిపించుకున్నారు. అంతకు కొన్నేళ్ళ ముందే కొలోన్‌లోని ఫోర్డ్ కర్మాగారంలో పనిచేస్తున్న ఒక తండ్రి దగ్గరకు నాలుగేళ్ళ కొడుకు ఉగుర్ షాహిన్ తల్లితో కలిసి వచ్చాడు. భార్య ఓజ్లెమ్ ట్యురెజితో కలిసి 2008లో బయోఎన్‌టెక్ అనే జీవసాంకేతిక సంస్థను స్థాపించినవారిలో, 2020లో కోవిడ్ టీకా రూపొందించినవారిలో ఆయన ఒకరు. ఇది అందరికీ వర్తించే ఉదాహరణ కాదు, అలా వాడకండి. కానీ కార్మికుడిని మాత్రం రానిచ్చి కుటుంబాన్ని ఆపే విధానం ఏ లాభాన్ని ముందుగానే వదులుకుంటుందో అది స్పష్టంగా చూపుతుంది.

స్థానిక కుటుంబాలకు కలిగే మేలు కూడా ఉంది. ఇంటిపని, పిల్లల పెంపకం, ముసలివారి సంరక్షణ చేసేవారు వలస వచ్చిన అమెరికా నగరాల్లో ఉన్నత విద్యావంతులైన మహిళలు ఎక్కువ గంటలు ఉద్యోగం చేయగలిగారని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఆ సంరక్షణ చేసే స్త్రీ తన బిడ్డను సొంత ఊరిలో అవ్వ దగ్గర వదిలి వచ్చి ఉండవచ్చు. ఆమె పంపే డబ్బు ఆ ఇంటి తిండికి, చదువుకు ఆధారం. పేద, మధ్యాదాయ దేశాలకు ఇలా చేరే మొత్తం ధనిక దేశాల అధికారిక సహాయాన్ని ఎప్పుడో మించిపోయింది. ఆ డబ్బు పంపడానికయ్యే రుసుమును 2030 నాటికి 3 శాతం లోపలికి తేవాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. ప్రపంచ సగటు ఇంకా దానికి దాదాపు రెట్టింపు ఉంది. నర్సులు, వైద్యులు వెళ్ళిపోవడం వల్ల పంపే దేశానికి కలిగే నష్టాన్ని కూడా రాయండి. కొరత ఉన్న దేశాల నుంచి ఆరోగ్య సిబ్బందిని ఎడాపెడా తీసుకుపోరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే ఒక నియమావళి ఆమోదించింది.

రాత పూర్తయ్యాక మూడు చోట్ల సరిచూసుకోండి. చెప్పిన వృద్ధి దేశపు మొత్తం ఉత్పత్తిదా, తలసరి ఆదాయానిదా? జనం పెరిగితే మొత్తం ఎలాగూ పెరుగుతుంది, కాబట్టి తలసరి అంకె లేని వాదం నిలవదు. ప్రతి అంకె పక్కన ఎన్నేళ్ళ లెక్కో, ఏ స్థాయి ప్రభుత్వపు లెక్కో ఉందా? చివరిగా, మీరు చూపిన మేలు వచ్చినవారికి ఏ హక్కులుండటం వల్ల సాధ్యమైందో రాశారా? పని చేసుకొనే అనుమతి, భాష నేర్పే తరగతులు, విదేశీ పట్టాలకు గుర్తింపు వంటివి లేనిచోట ఇంజనీరు టాక్సీ నడుపుతూనే ఉంటాడు, పైన చెప్పిన లాభాల్లో సగం కాగితం మీదే మిగులుతుంది. విదేశాల్లో పొందిన వృత్తి అర్హతలను అంచనా వేయించుకొనే హక్కును జర్మనీ 2012లో చట్టంగా తెచ్చింది. మీరు పరిశీలిస్తున్న దేశంలో అలాంటి చట్టం ఉందో లేదో, ఉంటే దరఖాస్తుకు ఎన్ని నెలలు పడుతోందో అక్కడి అధికారిక ప్రచురణల్లో వెతికి ఆ వివరాన్ని జతచేయండి.