మెక్సికోలో ఆర్‌వీ ట్రిప్పా? డిష్ సంగతి ముందే చూసుకోండి

అమెరికా నుంచి ఆర్‌వీలో (పడక, వంటగది ఉండే బండిలో) బాహా కాలిఫోర్నియా వెళ్లే మనవాళ్లకు ఒక మాట. హైవే 1 మీద ఎల్ రొసారియో దాటాక గెరెరో నెగ్రో వచ్చేదాకా చాలాచోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు. డిష్‌తో శాటిలైట్ ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌లో, ప్రయాణాలకు వాడే రోమ్ ప్లాన్ ఉంటే ఆ టెన్షన్ తగ్గుతుంది. బండి నిలిపే ముందే యాప్‌లో ఆకాశాన్ని స్కాన్ చేయండి. ఒక్క తాటి మట్ట అడ్డొచ్చినా వీడియో కాల్ మాటిమాటికీ తెగుతుంది. డిష్‌ను పైకప్పుకు బిగించేస్తే దానికి అడ్డులేని ఆకాశం కావాలి, మనకేమో చెట్టు నీడ కావాలి! అందుకే పొడవాటి కేబుల్ వేసి నేలమీద స్టాండ్‌కి పెట్టడమే నాకు ఇష్టం. గాలి ఎక్కువైతే లోపల పెట్టేయండి. కరెంటు కనెక్షన్ లేని బీచుల్లో మినీ డిష్ మేలు. 25–40 వాట్లే తింటుంది, సరైన కేబుల్ ఉంటే ఇన్వర్టర్ లేకుండానే బండిలోని 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది.