ఐరిష్ ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెళ్ళడం – 3వ పాఠం: ఓబ్రయన్‌లు

పోయిన పాఠంలో పేరు ముందు వచ్చే ఓ (అంటే మనవడు లేదా వంశస్తుడు), మాక్ (అంటే కొడుకు) చూశాం కదా, ఈసారి ఒకే వంశం తీసుకుందాం. ఓబ్రయన్‌ల మూలపురుషుడు బ్రయన్ బోరు. షానన్ నది ఒడ్డున కిల్లలూ దగ్గర ఉంటూ మొత్తం ఐర్లాండ్‌కే పెద్దరాజు అయ్యాడు, 1014 ఏప్రిల్ 23న డబ్లిన్ పక్కన క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయాడు, అదే రోజు ఒక కొడుకు, ఒక మనవడు కూడా పోయారు. కానీ ఆయన ఇంటిపేరు ఓబ్రయన్ కాదండీ! ఆ పేరు నిలబడింది ఇంకో మనవడు టర్లో తరం నుంచి. ఎవరి ఫ్యామిలీ ట్రీలో అయినా బ్రయన్ ఓబ్రయన్, 1014 అని కనిపిస్తే దాన్ని నమ్మకండి.

1543లో మూర్రో ఓబ్రయన్ ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి లొంగి థోమండ్ ఎర్ల్ (ఇంగ్లీషు ప్రభువు బిరుదు) అయ్యాడు, అందుకే ఆ పెద్ద శాఖకి కాగితాలు బాగానే దొరుకుతాయి. మామూలు రైతు ఓబ్రయన్‌లకి దొరకవు, వాళ్ళని కింద నుంచి పైకే వెతకాలి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే 1901, 1911 జనాభా లెక్కలు. అంతకుముందు లెక్కల్లో చాలా భాగం 1922లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ దగ్గర రికార్డ్ ఆఫీసు తగలబడినప్పుడు పోయింది, 1861 నుంచి 1891 దాకా ఉన్నవి అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసేసింది, తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. మిగిలిన ఈ రెండూ ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి. వయసులు మాత్రం జాగ్రత్త. 1901లో 56 అని రాసిన మనిషి 1911లో 70 అయిపోయి కనిపించొచ్చు, ఎందుకంటే 1909 జనవరి నుంచి డెబ్బై నిండినవాళ్ళకి పెన్షన్ మొదలైంది, దానికోసం వయసు పెంచి చెప్పినవాళ్ళు ఉన్నారు. వయసు కలవలేదని వేరే మనిషి అనుకుని వదిలేయకండి, భార్య పేరు, పిల్లల పేర్లు, ఊరు కలిశాయేమో చూడండి.

ఇంకా వెనక్కి వెళ్ళాలంటే 1847–64 మధ్య జరిగిన గ్రిఫిత్ వాల్యుయేషన్, అంటే పన్ను కోసం భూములకి, ఇళ్ళకి విలువ కట్టిన లెక్క. ఇందులో కుటుంబం అంతా ఉండదు, భూమి లేదా ఇల్లు ఎవరి చేతిలో ఉందో వాళ్ళ పేరే ఉంటుంది. ఇంగ్లీషు పాలనలో చాలామంది పేరు ముందున్న ఓ వదిలేశారు, 19వ శతాబ్దం చివర్లో మళ్ళీ చాలామంది తగిలించుకున్నారు, కాబట్టి ఓబ్రయన్‌తో పాటు ఓ లేని బ్రయన్ స్పెల్లింగ్‌లు కూడా అన్ని రకాలుగా కొట్టి చూడాలి.

ప్రాక్టీస్: 1901లో క్లేర్ కౌంటీలో ఒక ఓబ్రయన్ ఇల్లు ఎంచుకోండి, టౌన్‌లాండ్ (ఐర్లాండ్‌లో భూమికి అతి చిన్న విభాగం) పేరు రాసుకోండి, అదే టౌన్‌లాండ్‌ని 1911లో, తర్వాత గ్రిఫిత్‌లో తెరవండి. ఓబ్రయన్‌లు క్లేర్ నిండా ఉంటారు, టౌన్‌లాండ్ కలవకపోతే పేరు కలిసినా ఆ కుటుంబాన్ని మీ ట్రీలో ఎక్కించకండి.