బండి మైలేజీ పడిపోయిందా? ఇంజన్ విప్పకముందు చూడాల్సినవి

"అన్నా, బండి పెట్రోలు తాగేస్తాంది, కొంచెం చూడు." అనంతపురంలో ఏ మెకానిక్ షాపు ముందు కాసేపు నిలబడినా ఈ మాట వినిపిస్తుంది. మెకానిక్ చేయి నేరుగా కార్బురేటర్ (ఇంజన్‌కు గాలి, పెట్రోలు కలిపి పంపే భాగం) మీదికి పోతుంది. స్క్రూ అర చుట్టు తిప్పి, రెండుసార్లు రైజ్ చేసి, "పో, ఇంక బాగా ఇస్తాది" అంటాడు. నన్నడిగితే ఆ స్క్రూ దాకా పోవాల్సిన బండ్లు తక్కువే. ఉన్నట్టుండి మైలేజీ పడిందంటే దొంగ ఎక్కువసార్లు చక్రాల దగ్గరే దొరుకుతాడు. అందుకే ముందు కొలత, తర్వాత చక్రాలు, ఆ తర్వాతే ఇంజన్.

సమస్య: "60 ఇచ్చేది, ఇప్పుడు 45 కూడా రావట్లేదు"

అసలు తగ్గిందో లేదో ముందు తేల్చుకోవాలి. రెండొందలకు కొట్టిస్తే ఎన్ని రోజులు వచ్చిందన్నది లెక్క కాదు. రిజర్వు నుంచి రిజర్వుకు చూడటం కూడా నమ్మకమైన పద్ధతి కాదు. బండి ఏటవాలు మీద ఉందా, సైడ్ స్టాండ్ మీద ఉందా అన్నదాన్ని బట్టి కూడా రిజర్వు ముందూ వెనకా అవుతుంది.

సెంటర్ స్టాండ్ వేసి, పంపు తనంతట తాను కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించండి. మీటర్ రీడింగ్ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ కట్ అయ్యేదాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అదే మీ మైలేజీ. ఒక్కసారి వచ్చిన అంకెను పట్టుకోకుండా, ఇంకోసారి కూడా చూడండి.

మన దగ్గర ఇంకో సంగతుంది. ఆషాఢం గాలి. ఆ రోజుల్లో కళ్యాణదుర్గం వైపు పోయే బండికి పడమటి గాలి ఎదురు కొడుతుంది, ఎక్సలేటర్ ఎంత తిప్పినా స్పీడు ఎక్కదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! పోయేటప్పటి లెక్క ఒక్కటే చూసి బండిని షాపుకు తోలకండి, రానూపోనూ కలిపి చూడండి.

సమస్య: ఎక్సలేటర్ వదిలితే బండి సాగట్లేదు, పట్టేసినట్టు ఆగిపోతోంది

అన్నిటికన్నా ఎక్కువ పెట్రోలు పోయేది ఇక్కడే. పరీక్షకు పైసా ఖర్చు లేదు. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, చేత్తో చక్రం తిప్పండి. ముందు చక్రం నేలకు ఆనుతుంటే వెనక ఒకరిని నొక్కిపట్టమనండి. అది సులువుగా నాలుగైదు చుట్లు తిరగాలి. వెనకది చైన్‌ను కూడా లాగాలి కాబట్టి కొంచెం తక్కువ తిరుగుతుంది. సర్రుమని రాసుకుంటూ ఒక చుట్టుకే ఆగిందంటే బ్రేక్ పట్టేసినట్టే. ఇంకో పరీక్ష: ఖాళీ రోడ్డు మీద బ్రేక్ పెద్దగా వాడకుండా నాలుగైదు కిలోమీటర్లు పోయి ఆపండి. డ్రమ్ము దగ్గర చేయి పెట్టి చూడండి, తాకొద్దు. సెగ కొడుతుంటే అక్కడ కాలేది మీ పెట్రోలే.

చైన్ టైట్ చేయించిన మర్నాటి నుంచే మైలేజీ పడిందా? అయితే కారణం దాదాపు ఖాయం. చైన్ బిగించడానికి వెనక చక్రాన్ని వెనక్కి జరుపుతారు. దాంతో డ్రమ్ బ్రేక్ రాడ్ కూడా లాక్కుపోయి బ్రేక్ కాస్త పట్టుకునే ఉంటుంది. రాడ్ చివర ఉన్న నట్టు వదులు చేసి, పెడల్ దాదాపు ఒక అంగుళం ఊరికే దిగాక బ్రేక్ పట్టేలా పెట్టించుకోవాలి. హడావుడిలో ఈ నట్టు సంగతి మరిచే మెకానిక్‌లు చాలామంది. మీరే గుర్తుచేయండి. డిస్క్ బ్రేక్ అయితే కాలిపర్‌లో (డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) దుమ్ము చేరి ప్యాడ్లు వెనక్కి రాకుండా ఉంటాయి. విప్పి శుభ్రం చేయిస్తే చాలు.

ఇక గాలి. ఎండాకాలం టైరు పగిలిపోతుందని గాలి తక్కువ పెట్టించే అలవాటు మన వైపు బాగా ఉంది. అది తిరగబడ్డ లెక్క. గాలి తక్కువైతే టైరు రోడ్డు మీద మరీ నలుగుతుంది, నలిగేకొద్దీ వేడెక్కుతుంది, పగిలే ముప్పు అప్పుడే ఎక్కువ. మైలేజీ పోవడం దానికి తోడు. మామూలు 100-125 సీసీ బండికి ముందు 25, వెనక ఒక్కరే ఉంటే 28-29 పీఎస్ఐ చుట్టుపక్కల ఉంటుంది. ఇద్దరెక్కితే వెనక ఇంకా పెంచాలి. మీ బండికి సరైన అంకె చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్‌లో ఉంటుంది. పొద్దున, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. మధ్యాహ్నం పదిహేను కిలోమీటర్లు తిరిగొచ్చి చూస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని అప్పుడు గాలి తీయించకండి.

చైన్ ఎండిపోయి కరకరమంటున్నా, మరీ బిగుతుగా ఉన్నా ఇదే బాధ. వారానికోసారి చైన్ ఆయిల్ వేస్తే సరిపోతుంది.

సమస్య: సైలెన్సర్ నుంచి నల్ల పొగ, స్పార్క్ ప్లగ్గు విప్పితే మసి

ప్లగ్గు కొస లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే గాలి తక్కువై పెట్రోలు ఎక్కువ పోతోంది. ముందు చోక్ పూర్తిగా ఆఫ్‌లో ఉందో లేదో చూడండి, నవ్వుకోవద్దు. తర్వాత ఎయిర్ ఫిల్టర్. తాడిపత్రి రోడ్డులో నాపరాళ్ల లారీల వెనక రోజూ తిరిగే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఫిల్టర్ ఆగదు, ముందే మార్చాలి. ఆయిల్ పూత ఉన్న కాగితం ఫిల్టర్‌ను గాలి కొట్టి మళ్లీ పెడితే పాడవుతుంది, కొత్తది వేయాల్సిందే. స్పాంజి ఫిల్టర్ అయితే కడిగి, ఆరబెట్టి, ఆయిల్ పట్టించి పెట్టుకోవచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే కార్బురేటర్ స్క్రూ మాట.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. వాటికి ఆ స్క్రూ ఉండదు. మీటర్‌లో ఇంజన్ లైటు ఆరకుండా వెలుగుతుంటే స్కానర్ ఉన్న చోటికే తీసుకెళ్లండి.

సమస్య: ఇంజన్ రొద చేస్తోంది, బండి మాత్రం కదలట్లేదు

క్లచ్ జారుతోంది. మొదట క్లచ్ వైరులో కాస్త లూజు ఉందో లేదో చూసుకోండి. దగ్గరుంది కదా అని కారు ఇంజన్ ఆయిల్ బైకులో పోసినా ప్లేట్లు జారతాయి. బైక్ క్లచ్ ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది మరి. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, ఇలాంటి క్లచ్‌కు సరిపడే ఆయిల్ గుర్తు) అని ఉన్నదే పోయండి. ఈ రెండూ సరిగ్గా ఉన్నా జారుతుంటే ప్లేట్లు మార్చాల్సిందే.

సమస్య: కారు ఊళ్లో బాగా ఇస్తుంది, ఘాట్ రోడ్డు తిరిగొస్తే పడిపోతుంది

కడప నుంచి రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఎక్కువ తాగడం మామూలే. తప్పు జరిగేది దిగేటప్పుడు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసి వదులుతారు. ఇంజెక్షన్ కారులో గేరు వేసి, ఎక్సలేటర్ మీద కాలు తీసేస్తే ఇంజన్‌కు పెట్రోలు పూర్తిగా ఆగుతుంది, చక్రాలే దాన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆరకుండా ఉండటానికి పెట్రోలు పోతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. గువ్వలచెరువులో పేరున్న పాలకోవా కొనుక్కుని నిదానంగా, గేరులోనే దిగండి.

ఎండలో ఆగిన కారుకు ఏసీ వేసేముందు తలుపులు తీసి వేడి బయటికి పోనివ్వాలి. ఊళ్లో నిదానంగా పోతున్నప్పుడు అద్దాలు దించినా నష్టం లేదు. హైవే మీద మాత్రం అద్దాలు ఎత్తి ఏసీ వేసుకోవడమే మేలు.

సమస్య: అన్నీ సరిచూశాక కూడా కొంచెం తక్కువే

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ. పాత పెట్రోలుకు తయారైన టూ వీలర్లకు దీనివల్ల 3-4 శాతం, కార్లకు 6-7 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. అంటే 60 ఇచ్చే బండి 58 దగ్గరికి రావచ్చు. 45కు పడిందంటే దానికి పెట్రోలును తిట్టి లాభం లేదు, మళ్లీ చక్రం తిప్పి చూడండి.

ఒక బంకులో కొట్టించినప్పుడే తక్కువ వస్తోందా? ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. అడిగితే మీ ముందే కొట్టి చూపించాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను ఒప్పుకుంటారు. అంతకు మించి తగ్గితే బిల్లు దగ్గర పెట్టుకుని ఆ శాఖకే ఫిర్యాదు ఇవ్వండి.