ఒత్తులు అతుక్కుపోతున్నాయా? నాకు పనిచేసిన ఉపాయం

సాఫ్ట్‌వేర్ అని కొడితే ఫోన్‌లో 'సాఫ్ట్వేర్' అని పడేది. రాజ్‌కుమార్ కాస్తా 'రాజ్కుమార్' అయ్యేవాడు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నోటీసు పెడితే చాలు, మోటారు రిపేరు సంగతి గాలికి వదిలేసి అందరూ నా ఒత్తుల మీద పడేవారు. నీళ్లు ఎప్పుడొస్తాయో మాత్రం ఒక్కరూ అడగరు!

ఫాంటు మార్చాను, కీబోర్డు అప్‌డేట్ చేశాను, మధ్యలో ఖాళీ పెట్టాను. లాభం లేదు.

అసలు సంగతేమిటంటే, తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే అది ఒత్తుగా మారిపోతుంది. దాన్ని ఆపేందుకు, ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో కంటికి కనిపించని అక్షరం ఒకటుంది, దాని నంబరు యూ+200సీ. నా కీబోర్డులో దానికి మీట కనిపించలేదు.

అందుకని ముందు తెలుగు వికీపీడియాలో పదం సరిగ్గా విడిగా ఉన్నచోట వేలు నొక్కిపట్టి, మొత్తం పదాన్ని కాపీ చేశాను. కనిపించని అక్షరం కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. తర్వాత నా కీబోర్డు, అంటే గూగుల్ వాళ్ల జీబోర్డ్ సెట్టింగ్స్‌లో డిక్షనరీ, అందులో పర్సనల్ డిక్షనరీ, అక్కడ తెలుగు ఎంచుకుని ప్లస్ గుర్తు నొక్కాను. పై గడిలో ఆ పదం పేస్ట్ చేసి, షార్ట్‌కట్ గడిలో 'సాఫ్' అని రాశాను. ఇక్కడ పదాన్ని చేత్తో టైప్ చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది, పేస్టే చేయాలి. ఇప్పుడు 'సాఫ్' కొట్టగానే పైన పట్టీలో సరైన పదం వస్తోంది, దాన్ని తాకితే చాలు.

ఇది నా ఆండ్రాయిడ్ ఫోన్ మాట. మెనూ పేర్లు మీ ఫోన్‌లో కాస్త వేరుగా ఉండొచ్చు. ఐఫోన్‌లో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్ అని ఉంది కానీ నేను ప్రయత్నించలేదు. 'భాద' అని రాసేవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు, అక్కడ 'బాధ' అని నేర్చుకోవాల్సిందే.